సమస్య: "నోరు లేనిది పలికెను నూఱు మార్లు"

నిర్వాహకుడు:
ఈ వారం పూరించవలసిన పాదం ఇది. దీనిని చివరి పాదంగా నిలిపి పద్యం వ్రాయాలి.

నోరు లేనిది పలికెను నూఱు మార్లు

నిన్న సాయంత్రం కూరగాయల సంతలో నిలబడి ఉండగా, నాలుగు బండ్ల మీది నాలుగు పెట్టెలు, ఫోనుతో చెల్లించిన సొమ్ము చేరగానే గొంతెత్తి చెప్పేవి, ఒకేసారి నాలుగు మొత్తాలు ప్రకటించాయి. అమ్మేవారిలో ఒక్కరూ నోరు విప్పలేదు. అప్పుడే ఈ పాదం తట్టింది. ఆ పెట్టెనే వర్ణించాలన్న నియమం లేదు గాని, పూరణ నేటి కాలానికి చెందినదై ఉండాలి. శంఖాన్నో వేణువునో తీసుకొనివచ్చే అలవాటున్నవారు ఈ ఒక్క వారం ఆగవలసిందిగా మనవి.

తెనాలి సభ్యుడు:
చాయికొట్టున బల్లపైఁ జక్కనైన
చిన్న పెట్టె యొకటి యుండెఁ, జెల్లు మొత్త
మును వినంగ బిగ్గరగాను ముదముతోడ
నోరు లేనిది పలికెను నూఱు మార్లు

ఫోనుతో సొమ్ము పంపే యూపీఐ పద్ధతి 2016 ఏప్రిల్‌లో ఆరంభమైనా, ఆ ఏడాది నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయిన తరువాతనే మా వీధిలో దాని పేరు వినిపించింది. తరువాతి కాలంలో, సొమ్ము పంపినట్టు దొంగ స్క్రీన్‌షాట్ చూపించి సరకు పట్టుకుపోయేవారు బయలుదేరడంతో, కొట్టువారు కొనేవారి ఫోను తెరను నమ్మడం మానుకొని, తమ పెట్టె గొంతును నమ్మసాగారు. ఆ పెట్టెలో సిమ్ము ఉంటుందనీ, సొమ్ము చేరిన కబురు దానికి నేరుగా అందుతుందనీ చాలామందికి తెలియదు. నా పద్యంలోని విషయం ఇదే.

డాలస్ సభ్యుడు:
తెనాలి వారి ధార ఎప్పటివలెనే నిర్దోషంగా ఉన్నది. యతిలో (అక్షరాల మైత్రిలో) గాని గణంలో (గురులఘువుల కూర్పులో) గాని వేలు పెట్టడానికి చోటు లేదు. అయితే 'ముదముతోడ' అన్నది యతి కోసం వచ్చిన మాటే తప్ప భావం కోసం వచ్చినది కాదని సవినయంగా మనవి చేస్తున్నాను. పెట్టెకు ముదమెక్కడిది? గత మాసపు వర్షం సమస్యలో వీరి గొడుగు కూడా 'ముదముతోడ'నే తెరుచుకొన్నది. అంతకు ముందు పరీక్షాఫలితాల పద్యంలో, తప్పిన విద్యార్థి సైతం 'ముదముతోడ' ఇల్లు చేరాడు. నా 'కారుద్వారము' ఇంగ్లీషు మాటకు సంస్కృతపదం అతికిన దుష్టసమాసమని మూడు రోజులపాటు బోధించినవారు కనుక, ఖాళీ నింపే పూరకపదాల విషయంలోనూ అంత నిష్ఠ పాటిస్తారని ఆశించాను. ఇక నా పూరణ:

దారి తప్పిన వేళలో దయతోఁ జూచి
కుడికి మరలుమం చడ్డంకిఁ గూడఁ దెలిపి
వినని నాపైనఁ గోపము విడిచి మరల
నోరు లేనిది పలికెను నూఱు మార్లు

హైదరాబాద్ సభ్యుడు:
డాలస్ వారూ, కారులో దారి చెప్పే గొంతుకు కోపం లేకపోవడాన్ని పట్టుకోవడం చక్కని చమత్కారం. మనుషులెవరైనా రెండవ తప్పు మలుపుకే విసుక్కొనేవారు. కాని మొదటి పాదంలో 'దయతోఁ' అన్నచోట, సూర్యగణం ఉండవలసి ఉండగా, అక్కడ చెల్లని సగణం పడింది. 'దయను జూచి' అంటే సరిపోతుంది.

తెనాలి సభ్యుడు:
నేను చెప్పదలచినదే హైదరాబాద్ వారు చెప్పారు. పూరకపదం భావాన్ని పలుచన చేస్తుంది, నిజమే. గణభంగం పద్యాన్నే లేకుండా చేస్తుంది. సవరించిన పాఠాన్ని మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకొంటున్నాను. 'మరలుమం చడ్డంకి' అన్న సంధి నాకు తట్టి ఉండేది కాదు.

నిజామాబాద్ సభ్యురాలు:
పెద్దలందరూ 'నోరు లేనిది' అనగానే యంత్రాన్ని చూశారు. మా ఇళ్లలో ఆ మాటకు మొదటి అర్థం వేరు. ఎవరేమన్నా ఎదురు చెప్పలేని ఆడమనిషిని 'పాపం, నోరులేనిది' అంటాము.

బీడి లెన్నియో చుట్టిన పేద ముసలి
వేలి గీఁతలు చెరిగెను; వినదు యంత్ర
మకట! "బ్రతికి యున్నా" నంచు మఱి మఱియును
నోరు లేనిది పలికెను నూఱు మార్లు

మా జిల్లాలో బీడీలు చుట్టి బిడ్డలను పెంచినవారు ఎందరో ఉన్నారు. ఆకు కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొనలు మడిచే పని ఏళ్ల తరబడి చేస్తే వేలికొసల మీది గీతలు అరిగిపోతాయి. తెలంగాణలో వీరికి ప్రభుత్వమిచ్చే ఆసరా పింఛను 2019లో నెలకు 2016 రూపాయలయింది. అది చేతికి రావాలంటే ఆ వేలినే యంత్రం మీద పెట్టవలసి వచ్చేది. మా వీధిలోని ఒక అవ్వకు తోడుగా నేనూ వెళ్లాను. ఆమె చేతిని కొంగుతో తుడుచుకొని, కొబ్బరినూనె రాసుకొని, పది వేళ్లూ మార్చి మార్చి పెట్టింది. సరిపోలలేదన్నారు. ఇంటివద్ద కోడలితోనైనా గట్టిగా మాట్లాడని ఆ మనిషి, ఆ రోజు అక్కడ ఉన్న ప్రతివారితోనూ "బతికే ఉన్న బిడ్డా" అని చెబుతూనే ఉన్నది.

డాలస్ సభ్యుడు:
అమ్మా, 'వినదు యంత్రము' అన్నచోట ఆగిపోయాను. మేమిద్దరమూ పలికే యంత్రాన్ని వర్ణించాము. మీరు వినని యంత్రాన్ని చూపించారు. సమస్యలోని విరోధం యంత్రం మీదినుండి మనిషి మీదికి మారింది.

హైదరాబాద్ సభ్యుడు:
విశ్రాంత ఉద్యోగుల ఇళ్లలోనూ ఇదే కథ నడిచింది. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ జీవిత ధ్రువపత్రం వచ్చాక, మా నాన్నగారు ఏటా నవంబరులో వేలిముద్రతో తాము జీవించి ఉన్నట్టు నిరూపించుకొనేవారు. ముద్ర పడని సంవత్సరం రాత్రంతా నిద్రపోలేదు. 2021 నవంబరులో ముఖం చూపించే పద్ధతి మొదలయ్యాక ఫోను ముందు కూర్చొని రెప్పవేసి ఊరట పొందారు. ఈ పద్యాన్ని ఆయనకు చదివి వినిపించాను, రెండవసారి చదవమన్నారు.

తెనాలి సభ్యుడు:
భావం ఉత్తమం. ఒక్క సందేహం. 'యున్నాను' వ్యావహారికం, మిగిలిన పద్యమంతా గ్రాంథికంలో నడుస్తుండగా ఆ ఒక్క క్రియ చెవికి తగులుతున్నది. 'మకట! బ్రతికితి నే నంచు మఱి మఱియును' అని సవరిస్తే గణాలు, యతి రెండూ నిలుస్తాయి.

నిజామాబాద్ సభ్యురాలు:
అయ్యా, మీ సవరణ ఛందస్సుకు లోటు చేయదు, కాని అర్థాన్ని మార్చివేస్తుంది. 'బ్రతికితిని' అంటే గండం గడిచి బయటపడ్డానని. ఆ అవ్వ గండం గడవలేదు. తాను ఇప్పుడు, ఈ క్షణాన, ఎదురుగా ప్రాణంతో నిలబడి ఉన్నానని చెబుతున్నది. 'ఉన్న' అన్న మాట పోతే ఆమె వాదమే పోతుంది. పైగా ఆ మాట నాది కాదు, ఆమెది. ఆమె 'ఉన్న' అన్నది. ఛందస్సు కోసం నేను 'ఉన్నా'నన్నంత వరకే చనువు తీసుకొన్నాను. నోరులేనిదాని నోట ఒకే ఒక్క మాట వచ్చినప్పుడు, దానినీ మనం దిద్దితే ఆమె పలికినట్టు కాదు.

నిర్వాహకుడు:
పాత్ర పలికిన మాట పాత్ర భాషలో ఉండడం దోషం కాదు. సూటిగా ఉటంకించిన వాక్యానికి ఈ వెసులుబాటు ఉండాలనే నా అభిప్రాయం. ఆ పాదం ఉన్నది ఉన్నట్టే ఉండాలి. నిజానికి ఈ సమస్య ఇచ్చినప్పుడు 'నోరులేనిది' అన్న నానుడి నా మనసులోకి రాలేదని ఒప్పుకొంటున్నాను. 'మఱి మఱియును', 'నూఱు మార్లు' రెండూ పక్కపక్కనే రావడం కొంత పునరుక్తి; అయినా బ్రతిమాలడంలో పునరుక్తి సహజమే.

తెనాలి సభ్యుడు:
నా సవరణను ఉపసంహరించుకొంటున్నాను. 'బ్రతికితిని', 'బ్రతికి ఉన్నాను' మాటల మధ్య ఉన్న తేడా నాకు ముందే తోచవలసింది. డాలస్ వారి మాట కూడా మనసులో నాటుకొన్నది. ఈ ఉదయం ఆ కొట్టు వద్ద అరగంట కూర్చొని, పద్యాన్ని మళ్లీ వ్రాశాను.

చాయికొట్టున బల్లపైఁ జతికిలఁబడి
చిన్న పెట్టె యొకటి యుండెఁ, జెల్లు మొత్త
మును మరుగు పాల సడి మించి ముందు కుఱికి
నోరు లేనిది పలికెను నూఱు మార్లు

డాలస్ సభ్యుడు:
'మరుగు పాల సడి మించి' అన్నది కొట్టులో కూర్చొన్నవారికే దొరికే మాట. 'కారుద్వారము'ను నేనూ ఈ రోజుతో వదిలివేస్తున్నాను. 'కారు తలుపు' అని దిద్దుకొన్నాను.