ఎవే ప్రజల వోడు పూజలపై క్షేత్ర పరిశోధన: పూనకాన్ని ఎలా నమోదు చేయాలి?

ఆంత్రో_విద్యార్థి
పశ్చిమాఫ్రికాలోని దక్షిణ టోగోలో, లోమే చుట్టుపక్కల ఎవే సమాజాల వోడు, అంటే వాళ్ల దైవారాధన, మీద పీహెచ్‌డీ ప్రతిపాదన రాస్తున్నాను. అంశం పూనకం. చదివేకొద్దీ గోరోవోడు, యెవె, మామా చాంబా, అఫా అన్నీ కలగాపులగం అవుతున్నాయి. అన్నిటినీ ఒకే మతంగా తీసుకోవచ్చా? పూజ జరుగుతుండగా ఏం రాసుకోవాలి? ట్రోసి, ట్రోకోసి ఒకటేనా అన్నది కూడా తేలడం లేదు.

తీరరేఖ
ఒకటిగా తీసుకోకండి. ఒకే ఇంట్లో అన్నీ ఉండొచ్చు గానీ, దేని నియమాలు దానివే. యెవెలో ప్రధాన దైవం పిడుగు దేవుడు హెబియెసో. అది గట్టి రహస్య సంఘం. దీక్ష తీసుకున్నవారికి కొత్త పేరు పెడతారు, పాత పేరుతో పిలవడం పెద్ద అపరాధం. అలా అవమానపడ్డ సభ్యులు ఊరు విడిచి పొదల్లోకి వెళ్లిపోతారు, శాంతి కర్మ జరిగేదాకా తిరిగి రారు. బయటివాళ్లు మొదటి అధ్యయనానికి యెవెను ఎంచుకుంటే నెలల తరబడి గుమ్మం దగ్గరే ఆగిపోతారు.

మీ అంశానికి గోరోవోడు సరైనది. గోరో అంటే కోలా కాయ. కుందే, అబ్లేవా, బంగెలె, సునియా వంటి ఈ దైవాలు తీరానికి ఉత్తరాన ఉన్న సవన్నా గడ్డిమైదానాల నుంచి వచ్చినవి. అబ్లేవా ఆరాధన అసాంటే ప్రాంతంలో ఎంతగా వ్యాపించిందంటే 1908లో గోల్డ్ కోస్ట్ (నేటి ఘనా) వలస ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పూజల్లో ఇస్లాం ఛాయలు కనిపిస్తాయి, శుక్రవారానికి ప్రాధాన్యం ఉంటుంది. దాన్ని చూసి ‘కల్తీ’ అని రాయకండి. ఉత్తరాదివాళ్లను తమలోకి ఆవాహన చేసుకోవడమే ఆ పూజ సారం.

మామా చాంబా ఇంకా లోతైనది. తీరప్రాంతపు కుటుంబాలు ఒకప్పుడు కొనుక్కున్న ఉత్తరాది బానిసల ఆత్మలు ఇప్పుడు ఆ యజమానుల వారసుల ఒంటిమీదికి వస్తాయి. నలుపు, ఎరుపు, తెలుపు లోహాల కడియాలు దాని గుర్తు. నన్నడిగితే ఎవే వోడులో ఇంతకంటే గొప్ప నైతిక ఆలోచన లేదు. అయితే ‘మీ ఇంట్లో బానిసలు ఎవరు?’ అని మొదటే అడిగితే మాట అక్కడితో ఆగిపోతుంది. ఒకరి బానిస మూలాన్ని బయటపెట్టడం అక్కడ చాలా తప్పు. ఆత్మ పేరు, బట్టలు, తిండి, పాటలతో మొదలుపెట్టండి. వంశం సంగతి వాళ్లే ఎత్తుతారు.

గంటశబ్దం
పూజ నమోదు గురించి చెబుతాను. పూనకం వచ్చాక కెమెరా తిప్పితే ఆలస్యమైనట్టే. ఒక్కో దైవానికి పాటలు వేరు కాబట్టి, పూనకానికి ముందు ఏ పాట నడుస్తోందో సమయంతో సహా రాయండి. తర్వాత సెంతెరువాలు, అంటే పూనినవారిని చూసుకునే స్త్రీలు, ట్రోసిని, అంటే పూనకం వచ్చిన భక్తురాలిని లేదా భక్తుణ్ని, పక్కకు తీసుకెళ్లి ఆ దైవం దుస్తులు తొడిగి తెస్తారు. పాట, దుస్తులు రెండూ కలిస్తేనే దైవం పేరు ఖాయం చేయండి. పూనకం ఊగిసలాడుతున్నప్పుడు పాట మారిపోవచ్చు, అప్పుడు ఒక్క పాటను నమ్ముకుంటే పొరపాటు పడతారు.

బ్రెకెతె డోలు రెండు ముఖాలది. భుజానికి తగిలించుకుని వంకర కర్రతో వాయిస్తారు. రికార్డరును ఇనుప గంట దగ్గర పెడితే మిగతావన్నీ మునిగిపోతాయి. డోలు వైపు తిప్పి, గంటకు దూరంగా పెట్టండి.

తీరరేఖ
అనుమతి ఒక్కసారి తీసుకుంటే చాలదు. ముందు సోఫోను, అంటే పూజారిని, అడగాలి. కోలా, మద్యం ఏవి ఎంత తేవాలో ఆయనే చెబుతారు. చెప్పులు విప్పాలి, ఏదైనా కుడిచేత్తోనే ఇవ్వాలి. తర్వాత ట్రోసిని తెలివిలోకి వచ్చాక విడిగా అడగాలి. ‘పూనినప్పుడు ఏమనిపించింది?’ అన్న ప్రశ్న పనికిరాదు, గుర్తులేదనే అంటారు. ఏం జరిగిందో సెంతెరువాలను అడగండి, వివరం దొరికేది వాళ్ల దగ్గరే.

రెండువందలయాభైఆరు
అఫాను, అంటే జోస్యం చూసే పద్ధతిని, వదలొద్దు. ఏ దైవానికి ఏ బలి అన్నది చాలాసార్లు అక్కడే తేలుతుంది. బొకొనో, అంటే జోస్యం చెప్పేవాడు, వాడే అగుమగా గొలుసుకు 8 గింజ ముక్కలు, పక్కకు నాలుగు. లోపలి వైపు పైకి పడితే ఒక గీత, బోర్లా పడితే రెండు. అలా 256 గుర్తులు వస్తాయి. ఆయిల్ పామ్ గింజలతో చూస్తే 16 గింజలను చేతిలోంచి చేతిలోకి ఒక్కపట్టున అందుకుంటారు. ఒకటి మిగిలితే రెండు గీతలు, రెండు మిగిలితే ఒకటి, ఇంకేం మిగిలినా ఆ పట్టు లెక్కకు రాదు. కుడి నిలువు వరుసను ముందు చదవాలి.

నమోదులో తరచూ జరిగే తప్పొకటి ఉంది. ఎదురుగా కూర్చుని ఫోటో తీస్తే కుడి ఎడమలతో పాటు పైకిందులు కూడా తారుమారై వేరే గుర్తు అవుతుంది. అన్నీ తెరుచుకున్న గ్బె-మెజి, అన్నీ మూసుకున్న యెకు-మెజి ఎటునుంచి చూసినా ఒకేలా ఉంటాయి కాబట్టి వాటితో పరీక్షిస్తే ఈ తప్పు బయటపడదు. బొకొనో భుజం వెనక నిలబడి తీయండి, ఆయన నోట పలికిన పేరు పక్కన రాయండి.

ఆంత్రో_విద్యార్థి
చాలా ఉపయోగపడింది. ట్రోకోసి సంగతి?

తీరరేఖ
వేరే వ్యవస్థ అండీ. ట్రోసి పూనకం వచ్చే భక్తురాలు లేదా భక్తుడు. ట్రోకోసి అంటే బంధువు చేసిన నేరానికి పరిహారంగా గుడికి అప్పగించిన అమ్మాయి. ఇది ప్రధానంగా ఘనా వైపు, వోల్టా నది దిగువ ప్రాంతపు కొన్ని గుళ్లలో ఉన్న ఆచారం. 1998లో ఘనాలో 554వ చట్టంతో అలాంటి దాస్యాన్ని నేరం చేశారు, శిక్ష కనీసం మూడేళ్లు. ప్రతిపాదనలో ఈ రెండు పదాలనూ విడివిడిగా నిర్వచించండి. కలిపేస్తే నైతిక సమీక్ష సంఘం మీ అధ్యయనాన్ని బలవంతపు దాస్యం మీదని పొరబడుతుంది, గుడివాళ్లు కూడా మిమ్మల్ని ఆరోపణలు చేయడానికి వచ్చినవాళ్లుగానే చూస్తారు.