ప్లూటో పటంలో పేర్లు: ఏది అధికారికమో, ఏది వాడుక పేరో ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. విద్యార్థుల కోసం ప్లూటో ఉపరితలాన్ని తెలుగులో చూపే గోడపటం ఒకటి సిద్ధం చేస్తున్నాను. న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక 2015 జూలై 14న ఆ మరుగుజ్జు గ్రహం పక్కగా సాగిపోతూ తీసిన చిత్రాలే దీనికి ఆధారం. అయితే పేర్ల దగ్గర పని ఆగిపోయింది. హృదయాకారంలో మెరిసే ప్రాంతపు పడమటి సగాన్ని ఒక పటం స్పుత్నిక్ ప్లానమ్ అంటే, మరొకటి స్పుత్నిక్ ప్లానిషియా అంటోంది. ఒకే పర్వతశ్రేణికి ఒకచోట నార్గే పేరు, మరొకచోట టెన్జింగ్ పేరు కనిపిస్తున్నాయి. భూమధ్యరేఖ వెంబడి పరుచుకున్న ముదురు ఎరుపు ప్రాంతానికి క్తుల్హు అనీ, బెల్టన్ అనీ రెండు పేర్లు దొరికాయి. ఇవి చాలవన్నట్టు, ఒక పాత పటంలో ఉత్తర దక్షిణాలే తారుమారుగా ఉన్నాయి. వీటిలో వేటిని స్వీకరించాలో, ఎందుకో దయచేసి వివరించగలరు.

సమాధానం:

మీరు చూసిన పేర్లలో ఏదీ కల్పితం కాదు. అవి వేర్వేరు కాలాలకు చెందినవి. నౌక ప్లూటోను చేరకముందే, 2015 వసంతంలో, ప్రజల నుంచి పేర్ల సూచనలు సేకరించారు. చిత్రాలు రావడం మొదలయ్యాక శాస్త్రవేత్తలు తమలో తాము మాట్లాడుకోవడానికి ఆ జాబితాలోని పేర్లను వాడేశారు. కొత్తగా కనిపించిన కొండకు ఏదో ఒక పేరు లేకుండా దాని గురించి చర్చించడం కుదరదు కాబట్టి ఆ పని సబబే. కానీ అవన్నీ తాత్కాలికమైన వాడుక పేర్లు. గ్రహాలు, ఉపగ్రహాలపై ఉన్న నేల రూపాల పేర్లను ఆమోదించే అధికారం అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యది. ఆ సంస్థ ప్లూటోకు తొలి విడతగా 14 పేర్లను 2017 సెప్టెంబరులో, మరో 14 పేర్లను 2019లో ప్రకటించింది. నార్గే, టెన్జింగ్ మధ్య మీకు కలిగిన సందేహం ఇక్కడే తీరుతుంది: ఆమోదం పొందిన పేరు టెన్జింగ్ మాంటెస్ (మాంటెస్ అంటే పర్వతశ్రేణి). అదే విడతలో టెన్జింగ్ నార్గేతో కలిసి ఎవరెస్టును అధిరోహించిన హిల్లరీ పేరు కూడా పక్క శ్రేణికి స్థిరపడింది. ముదురు ఎరుపు ప్రాంతానికి తరువాతి కాలంలో ఆమోదించిన పేరు బెల్టన్ రీజియో (రీజియో అంటే విశాల ప్రాంతం). క్తుల్హు అన్నది మొదటి రోజుల వాడుక పేరు.

స్పుత్నిక్ విషయం వీటికన్నా ఆసక్తికరమైనది, ఎందుకంటే అక్కడ మారింది పేరు కాదు, నేల గురించిన అవగాహన. గ్రహ పటాలలో పేరు చివర వచ్చే లాటిన్ పదం ఆ నేల ఆకారాన్ని తెలియజేస్తుంది. ప్లానమ్ అంటే ఎత్తయిన మైదానం, అంటే పీఠభూమి. ప్లానిషియా అంటే పల్లపు మైదానం. రెండు వేర్వేరు కోణాల నుంచి తీసిన చిత్రాలను జోడించి ఎత్తుపల్లాలను లెక్కించినప్పుడు, దాదాపు వెయ్యి కిలోమీటర్ల మేర పరుచుకున్న ఆ మంచు మైదానం చుట్టుపక్కల నేల కంటే కొన్ని కిలోమీటర్ల లోతున ఉన్నదని తేలింది. అందుకే అధికారిక పేరులో ప్లానిషియా చేరింది. నత్రజని మంచుతో నిండిన ఆ పల్లంలో ఒక్క ఉల్కాబిలం కూడా కనిపించకపోవడం, ఉపరితలమంతా పదుల కిలోమీటర్ల వెడల్పున్న గళ్ళుగా విడిపోయి ఉండడం గమనించి, మంచు నెమ్మదిగా కింది నుంచి పైకి పొర్లుతూ పాత గుర్తులను చెరిపివేస్తోందని శాస్త్రవేత్తలు నిర్ధారించారు. మీ పటంలో కొంత స్థలం మిగిలితే ఈ గళ్ళకు తప్పక చోటివ్వండి. ప్లూటోలో ఇంతకంటే చూడదగినది నాకు మరొకటి తోచదు. మరొక మాట: హృదయాకారమంతటికీ పేరు టాంబా రీజియో. స్పుత్నిక్ ప్లానిషియా అందులో పడమటి భాగం మాత్రమే. ఈ రెంటినీ ఒకటిగా రాసిన పటాలు చాలా ఉన్నాయి.

ప్రతి పేరునూ అమెరికా భూగర్భ సర్వే సంస్థ నిర్వహించే గ్రహ నామావళిలో సరిచూసుకోండి. అందులో పేరుతో పాటు ఆ రూపం రకం, కేంద్రపు అక్షాంశ రేఖాంశాలు, ఆమోదించిన తేదీ, పేరు ఎవరిని లేదా దేనిని సూచిస్తుందో చెప్పే వివరణ ఉంటాయి. అక్కడ లేని పేరును మీరు వాడదలచుకుంటే వాలు అక్షరాలతో రాసి, అనధికారమని పటం అంచున తెలియజేయండి.

అనుబంధ ప్రశ్న:

కృతజ్ఞతలండి. ఉత్తర దక్షిణాల సంగతి మిగిలిపోయింది. అలాగే, పటం మొత్తాన్నీ ఒకే స్పష్టతతో గీయవచ్చునా?

సమాధానం (మరొక సభ్యుడు):

ప్లూటో అక్షం బాగా వాలిపోయి ఉండడం వల్ల, ఏ కొసను ఉత్తరం అనాలన్నదానికి రెండు పద్ధతులు నడిచాయి. ఇప్పుడు మరుగుజ్జు గ్రహాలకు కుడిచేతి నియమం వర్తిస్తుంది: కుడిచేతి వేళ్ళను గ్రహం తిరిగే దిశలో ముడిస్తే బొటనవేలు చూపే ధ్రువమే ఉత్తరం. పాత పద్ధతిలో గీసిన పటాలలో ఇది తలకిందులవుతుంది కాబట్టి వాటిలోని అక్షాంశాలను నేరుగా ఎత్తి రాయకండి. సున్నా రేఖాంశం ఎప్పుడూ షారన్ ఉపగ్రహానికి అభిముఖంగా ఉన్న వైపున ఉంటుంది. స్పుత్నిక్ ప్లానిషియా దానికి సరిగ్గా అవతలి వైపు, 180 డిగ్రీల దగ్గర ఉంది. మీ పటంలో సున్నా రేఖాంశం సరైన చోట ఉన్నదో లేదో చూసుకోవడానికి ఇదొక్క గుర్తు చాలు.

స్పష్టత విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ప్లూటో తన చుట్టూ తాను తిరగడానికి 6.4 రోజులు పడుతుంది, నౌక మాత్రం ఆగకుండా దూసుకుపోయింది. కనుక దగ్గరగా కనిపించింది ఒక వైపు మాత్రమే. ఆ వైపు అత్యుత్తమ చిత్రాలలో ఒక్కో చుక్క 80 మీటర్ల నేలకు సమానం. అవతలి వైపును మూడు రోజుల ముందే, లక్షల కిలోమీటర్ల దూరం నుంచి చూడవలసి వచ్చినందువల్ల అక్కడ ఒక్కో చుక్క దాదాపు 20 కిలోమీటర్లు. దక్షిణాన 38 డిగ్రీలు దాటిన నేల అప్పటికి సుదీర్ఘమైన ధ్రువ రాత్రిలో ఉంది. తెలియని చోటును తెలిసినట్టు రంగులతో నింపితే చూసే పిల్లలు అదే నిజమని నమ్ముతారు. ఆ భాగాన్ని ఖాళీగా వదలడమే న్యాయం.

అనుబంధ ప్రశ్న:

విద్యార్థులు తామే ఒక పేరు సూచించవచ్చునా అని అడుగుతున్నారు. ప్లూటోపై ఉన్న రైట్ మాన్స్ అనే పర్వతాన్ని అగ్నిపర్వతం అని రాయవచ్చునా అన్నది నా చివరి సందేహం.

సమాధానం:

ఎవరైనా సూచించవచ్చు, అయితే ఆమోదం ఖాయమని చెప్పలేము. పరిశోధనలో ఆ రూపాన్ని ప్రస్తావించవలసిన అవసరం ఉన్నప్పుడే పేరు పెడతారు. జీవించి ఉన్నవారి పేర్లు పనికిరావు. ప్లూటోకు పాతాళలోక గాథలు, ఆ లోకానికి వెళ్ళివచ్చిన వీరులు, మార్గదర్శకమైన అంతరిక్ష నౌకలు, భూమిపై కొత్త దారులు తొక్కిన అన్వేషకులు, ప్లూటోను పరిశోధించిన శాస్త్రవేత్తలు వంటి వర్గాలను ముందే నిర్ణయించారు. 1930లో ఈ గ్రహానికి ప్లూటో అని పేరు సూచించిన పదకొండేళ్ళ బాలిక వెనీషియా బర్నీ పేరు ఒక బిలానికి ఉందని మీ విద్యార్థులకు చెప్పండి. ప్లూటో ఎరుపుకు కారణమైన థోలిన్ల వంటి పదార్థాలపై కృషి చేసిన భారతీయ మూలాల రసాయన శాస్త్రవేత్త బిషున్ ఖరే పేరు మరొక బిలానికి ఉంది. షారన్ పటంలోనైతే రేవతి పేరుతో ఒక బిలం ఉంది: తండ్రి కకుద్మితో బ్రహ్మలోకానికి వెళ్ళివచ్చేసరికి భూమిపై యుగాలు గడిచిపోయిన ఆ రేవతే.

ఇక రైట్ మాన్స్. మాన్స్ అంటే పర్వతం అని మాత్రమే అర్థం. అది ఎలా పుట్టిందో ఆ పదం చెప్పదు, చెప్పకూడదన్నదే నామకరణ నియమం. సుమారు 150 కిలోమీటర్ల వెడల్పు, 4 కిలోమీటర్ల ఎత్తు, నడుమ లోతైన గుంట ఉండడం వల్ల అది మంచును వెలిగక్కిన అగ్నిపర్వతం కావచ్చునని చాలామంది భావిస్తున్నారు. కనుక పటంపై పర్వతం అనే రాసి, ఆ అభిప్రాయాన్ని పక్కన వివరణలో చేర్చండి. దాని దక్షిణాన ఉన్న పికార్డ్ మాన్స్ సంధ్యచీకటిలో, వాతావరణపు పొగమంచు వెదజల్లిన వెలుగులో మాత్రమే కనిపించింది కాబట్టి దాని సరిహద్దును చుక్కల గీతతో చూపించండి.