బొబ్బిలి కథలో డేరా ఘట్టం: చరిత్ర ఎంత, కల్పన ఎంత?

రాయగడ నుంచి:
మా తెలుగు సంఘంలో పిల్లలకు బొబ్బిలి యుద్ధం జంగం కథ చదివిస్తున్నాం. బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు ఒక్కడే డేరాలో దూరి విజయనగరం రాజు విజయరామరాజును చంపాడని కథ. చరిత్రలో అలా లేదని కొందరు పెద్దలంటున్నారు. పిల్లలకు ఏం చెప్పాలి? పాపారాయుణ్ని బొబ్బిలి పులి అంటారు కదా, పులి అంటే శౌర్యం అని చెప్తే చాలా?

గుణుపురం నుంచి:
పేచీ లేనివి ముందు చెప్పేయండి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయరామరాజు సేన బొబ్బిలి మట్టికోట మీద పడ్డాయి. కోట నిలవదని తేలాక లోపలి ఆడవాళ్లను, పిల్లలను సొంతవాళ్లే చంపేశారు. బొబ్బిలి రాజు రంగారావు కొడుకు బతికాడు. మూడో రాత్రి విజయరామరాజు డేరాలో హతమయ్యాడు.

తేడా అంతా చంపినవాళ్ల దగ్గరే. ఆ శతాబ్దంలోనే రాసిన ఆంగ్ల చరిత్రకారుడు ఆర్మ్ లెక్కలో వాళ్లు రంగారావు సైనికులు నలుగురు. ఇద్దరు డేరాలోకి దూరారు. వాళ్లవల్ల కాకపోతే పని పూర్తి చేస్తామని మిగతా ఇద్దరూ ఒట్టేసుకున్నారు. శవం మీద 32 గాయాలు. ఈ నలుగురి పగనూ కథ ఒక్క పాపారాయుడి చేతిలో పెట్టింది. పిల్లలు "అయితే అబద్ధమా?" అంటారు. కాదు, పగ నిజం, దానికి ఒక ముఖం ఇచ్చింది కథకుడు అనండి.

పర్లాకిమిడి నుంచి:
గుణుపురం వారి మాటకు ఒకటి కలుపుతాను. పాపారాయుణ్ని కోటలో కాక రాజాం ఊళ్లో ఉంచడమే కథకుడి అసలు పనితనం. కోటలో ఉంటే అందరితోపాటే పోయేవాడు. కబురు ఆలస్యంగా అందింది కాబట్టే పగ తీర్చుకోవడానికి మిగిలాడు.

ఇక రాత్రివేళ శిబిరంలో దూరి చంపడమంటే, భారతం సౌప్తిక పర్వంలో అశ్వత్థామ చేసిన పనే. అతణ్ని మెచ్చుకోని మనం పాపారాయుణ్ని ఎందుకు నెత్తిన పెట్టుకుంటున్నాం? డేరా కంటే ముందు కోటలోని ఆడవాళ్ల చావు విన్నాం గనుక. టైము చాలక ఆ ఘట్టం కత్తిరించారో, డేరా ఘట్టం ఉత్త హత్యలా వినిపిస్తుంది. యుద్ధ వర్ణన కుదించండి, దీన్ని మాత్రం ముట్టుకోవద్దు.

పులి సంగతి: శౌర్యం ఒక్కటే చాలదు. పులి ఒంటరిగా, నక్కి, చీకట్లో వేటాడుతుంది. ఎదుట ఉన్న విజయనగరం రాజవంశం పూసపాటివారి బిరుదు గజపతి. ఏనుగు మీద పులి దూకిందన్న మాట. మన పర్లాకిమిడి గజపతులది వేరే వంశం, ఆ రెండూ కలిపేయకండి.

రాయగడ నుంచి:
అసలు తగవు పరువు గురించేనా అండీ?

గుణుపురం నుంచి:
పరువుతో పాటు నీళ్లూ ఉన్నాయి. బొబ్బిలివారు వాగుల నీరు మళ్లించుకుంటున్నారన్న ఫిర్యాదు ఆర్మ్ రాతలో ఉంది. రైతుల పిల్లలకు అక్కణ్నుంచి మొదలుపెట్టండి, చప్పున పట్టుకుంటారు. సినిమా చూసినవాళ్లుంటే అందులోని సంగతులు ముందే బోర్డు మీద విడిగా రాసేయండి, లేకపోతే కథలో కలిసిపోతాయి.