తరంగంబాడి పాత బంగళాల్లో పెద్దవాళ్లతో ఉండొచ్చా? షష్టిపూర్తికి వెళ్తున్నాం

కావలి చిన్నోడు

అందరికీ నమస్కారం. మా నాయన పుట్టింది పరాభవ నామ సంవత్సరం, 1966-67లో. ఇప్పుడు మళ్లీ పరాభవ వచ్చింది కాబట్టి పుష్యమాసంలో షష్టిపూర్తి. ఇంట్లోనే చేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు, తమిళనాడులో తిరుకడయూరు గుడిలోనే అని పట్టుబట్టింది. మా వీధిలో ఇప్పటికే ముగ్గురు అక్కడ చేయించుకుని వచ్చి ఫోటోలు చూపించారు మరి.

సరే అని రూముల కోసం వెతుకుతుంటే, ఆ గుడికి ఏడెనిమిది కిలోమీటర్లలోనే తరంగంబాడి అని సముద్రం ఒడ్డు ఊరు ఉందనీ, డెన్మార్క్ వాళ్లు కట్టిన కోట ఉందనీ, దాని చుట్టుపక్కల పాత బంగళాలని గెస్ట్ హౌస్‌లుగా మార్చి ఇస్తున్నారనీ తెలిసింది. వసారాలు, లావుపాటి స్తంభాలు, ఎదురుగా అలలు... ఫోటోలు చూసి నేను పడిపోయా. మా ఆవిడ మాత్రం "పాత ఇల్లంటే మీ తాతయ్య మిద్దె లాంటిదేగా, దానికి ఎదురు డబ్బులిచ్చి పడుకోవాలా" అంటోంది.

మొత్తం ఏడుగురం. నాయనకి మోకాళ్ల నొప్పులు. అమ్మకి ఐదు గంటలకల్లా కాఫీ పడకపోతే తలనొప్పి. అక్కడ ఉండి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, రెండు రాత్రులు బుక్ చేసేద్దామనుకుంటున్నా.

మూలాపేట

సముద్రం కోసం ఐదొందల కిలోమీటర్లా అబ్బయ్యా! మన నెల్లూరు పక్కన మైపాడు బీచ్ ఏం పాపం చేసింది?

సరే, జోకులు ఆపి చెప్తా. రైల్లో అయితే సెంట్రల్‌లో దిగి సామానంతా మోసుకుని ఎగ్మోర్ పోవాలి, అక్కడ బండెక్కి మాయవరంలో దిగాలి (బోర్డు మీద మయిలాడుదురై అని ఉంటుంది, చూస్తూ కూర్చుని దిగకుండా పోయేరు), మళ్లీ అక్కడి నుంచి కారు. మోకాళ్ల మనిషితో ఇన్ని మార్పులు వద్దు. ఇంటి దగ్గరే పెద్ద బండి మాట్లాడుకోండి. చెన్నై దాటాక పాండిచ్చేరి, కడలూరు, చిదంబరం, శీర్కాళి మీదుగా దారి. ఆవకాయ సీసా మరిచిపోవద్దు, రెండోరోజుకి మీరే నాకు దణ్ణం పెడతారు.

ఒంగోలు టీచర్

పోయిన మాఘంలో వెళ్లొచ్చాం అండీ, మా మామయ్యగారికి డెబ్బై నిండితే భీమరథ శాంతి చేయించాం. తరంగంబాడిలో ఒక పాత బంగళాలోనే ఉన్నాం. పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది.

ఫోన్లో రెండుసార్లు అడిగాను, కింది గదే కావాలని. "ఓకే మేడమ్, ఓకే మేడమ్" అన్నారు. తీరా వెళ్తే పెద్దవాళ్లకి పై అంతస్తులో ఇచ్చారు. చెక్క మెట్లు, నిచ్చెన కంటే కొంచెం నయం, పట్టుకోవడానికి ఒక వైపే కొయ్య. మామయ్యగారు సగం దాకా ఎక్కి మెట్టు మీదే కూర్చుండిపోయారు. నాకు టెన్షన్‌తో చెమటలు. చివరికి మా కోసం తీసిన కింది గదిలోకి వాళ్లని మార్చి, మేము పైకి వెళ్లాం. కాబట్టి మాట మీద వదిలేయకండి, ఏ గదో, కిందా పైనా, అన్నీ మెసేజ్‌లో రాయించుకోండి.

ఇల్లు మాత్రం... ఏం చెప్పను! గోడలు మూరెడు పైనే మందం, మిట్టమధ్యాహ్నం బయట నిప్పులు చెరుగుతున్నా లోపల చల్లగా ఉంది. కప్పుకి టేకు దూలాలు, వాటి మీద సన్న ఇటుకలు నిలువుగా పేర్చి సున్నం పోసిన మద్రాసు మిద్దె. ఒంగోల్లో మా అమ్మమ్మ వాళ్లదీ అలాగే ఉండేది, పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు, అది వేరే ఏడుపు. ఫ్యాను ఎక్కడో ఆకాశంలో వేలాడుతుంటుంది, గాలి కిందికి దిగాలా వద్దా అని ఆలోచిస్తూ ఉంటుంది. కిటికీ గొళ్లేలు ఉప్పు గాలికి తుప్పు పట్టి బిగుసుకుపోయాయి, అద్దం తుడిచిన గంటకే మళ్లీ మసక. రాత్రి ఆరేసిన తువ్వాలు తెల్లారినా తడిగానే ఉంటుంది. ఇవన్నీ లోపాలు అనుకునేవాళ్లు మామూలు లాడ్జిలోనే దిగడం మంచిది, నిజంగా చెప్తున్నా.

ఇంకోటి, పందిరి మంచం. మా అత్తయ్యగారి నడుం ఎత్తు ఉంది. చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి "ఇది మంచమా, అటకా?" అన్నారు. వాచ్‌మన్ ఎక్కడి నుంచో ఒక చెక్కపీట తెచ్చి వేస్తే దాని మీద కాలు పెట్టి ఎక్కారు. స్నానాల గదికి గడప కూడా ఎత్తే, రాత్రి లైటు వేసి ఉంచండి.

రెండు రాత్రులూ అక్కడే వద్దు. కార్యక్రమం ముందురోజు రాత్రి తిరుకడయూరులోనే, గుడి దగ్గర పడుకోండి. అక్కడ ఒకేసారి ఎన్నో జంటలకి జరుగుతుంటాయి, పొద్దున్నే వెళ్లకపోతే మండపంలో కూర్చోవడానికి చోటు దొరకదు. కలశాల నీళ్లన్నీ నెత్తిన పోస్తారు, అమ్మగారికీ నాన్నగారికీ మార్చుకునే బట్టలు చేతిలోనే ఉంచుకోండి. అదంతా అయ్యి, భోంచేసి, అప్పుడు తరంగంబాడి వెళ్తే ఆ వసారా విలువ తెలుస్తుంది. మామయ్యగారు పొద్దున వేసిన పూలదండ కూడా తీయకుండా పడక్కుర్చీలో అలాగే నిద్రపోయారు, ఎదురుగా సముద్రం హోరు. లేపబుద్ధి కాలేదు.

కాఫీ సంగతి: వంటవాడు ఏడింటికి గానీ రాడు. చిన్న కెటిల్, డికాక్షన్ సీసా మీరే పట్టుకెళ్లండి. రాత్రి భోజనం కూడా సాయంత్రమే చెప్పేయాలి, ఊరు చిన్నది.

పాతరాయి

టీచర్ గారు ఇంటి లోపలిది చెప్పారు, నేను బయటిది చెప్తా. ఆ ఊరు డేన్లకి ఇచ్చింది ఎవరనుకున్నారు? మన రఘునాథ నాయకుడే, తంజావూరు ఏలుతూ తెలుగులో కావ్యాలు రాసిన రాజు. 1620లో ఒప్పందం జరిగింది, కోట అప్పటిదే. ఆయన డెన్మార్క్ రాజుకి బంగారు రేకు మీద రాయించి పంపిన ఉత్తరం ఇప్పటికీ కోపెన్‌హాగన్‌లో భద్రంగా ఉంది.

ఒక్క విషయంలో జాగ్రత్త. "డేనిష్ బంగళా" అని రాసిందల్లా డేన్లు కట్టింది కాదు. 1845లో వాళ్లు ఆ ఊరిని ఇంగ్లీషు కంపెనీకి అమ్మేసి వెళ్లిపోయారు, ఆ తర్వాతి ఇళ్లూ ఉన్నాయి, 2004 సునామీ తర్వాత బాగుచేసినవీ ఉన్నాయి. నా మటుకు నాకు అదేమీ తప్పు కాదు, కానీ రేటు చెప్పేటప్పుడు మూడొందల ఏళ్లు అంటే కాస్త ఆగి అడగండి.

పొద్దున ఎండెక్కక ముందే కింగ్ స్ట్రీట్‌లో నడవండి. 1792 నాటి ఊరి గేటు దగ్గర మొదలెడితే 1701 నాటి జియాన్ చర్చి, 1718 నాటి న్యూ జెరూసలేం చర్చి, చివర కోట. మోకాళ్ల నొప్పులున్నాయని భయం లేదు, దగ్గరదగ్గరే అన్నీ. ఆ రెండో చర్చిలో జీగెన్‌బాల్గ్ సమాధి ఉంది, తమిళంలో కొత్త నిబంధన అచ్చువేయించిన జర్మన్ పాదిరీ. ఒడ్డునే మాసిలామణి నాథర్ గుడి, 1306 నాటిది, ముందు భాగం చాలావరకు సముద్రం తినేసింది. అమ్మగారికి కోట కంటే అదే నచ్చుతుంది చూడండి.

ఉలవపాడు మామిడి

ఇదంతా చదివితే కడుపు మండుతోంది. మన రామాయపట్నంలో ఏం తక్కువ? 1872లో బాప్టిస్టు సెమినరీ పెట్టిన ఊరు, సముద్రం ఒడ్డు, పక్కనే బకింగ్‌హామ్ కాలువ. నాలుగు పాత ఇళ్లు బాగుచేసి ఇలాగే ఇస్తే హైదరాబాద్ నుంచి జనం రారా? ఇప్పుడు పోర్టు లారీలు తప్ప ఇంకేం కనపడవు.

మూలాపేట

@ఉలవపాడు, ముందు బాత్‌రూమ్‌లో నీళ్లు రావాలి అన్నా. పందిరి మంచం తర్వాత.

కావలి చిన్నోడు

అందరికీ థాంక్స్. టీచర్ గారు చెప్పినట్టే చేశా, ఒక రాత్రి గుడి దగ్గర, ఒక రాత్రి తరంగంబాడిలో. కింది గదులు రెండు దొరికాయి, "గ్రౌండ్ ఫ్లోర్" అని మెసేజ్‌లో రాయించుకున్నా. సంక్రాంతి సెలవులు దాటాక కాబట్టి రేటు కూడా కొంచెం తగ్గింది. నవంబరు, డిసెంబరులో అయితే అటువైపు తుఫాన్లు, మన పుష్యం అక్కరకొచ్చింది.

మా ఆవిడ కూడా ఒప్పుకుంది, పందిరి మంచం తనకే అన్న షరతు మీద. టీచర్ గారూ, ఆ పీట గెస్ట్ హౌస్ వాళ్లదేనా, లేక మనం పట్టుకెళ్లాలా?

ఒంగోలు టీచర్

వాళ్లదే అండీ. కానీ ఒక్కటే ఉంది, దిగగానే అడిగి మీ గదిలో పెట్టించుకోండి.