ఏజెన్సీ ఊళ్ల కేసులు నెట్‌లో అందరికీ కనిపించాలా? మా చిన్నాన్న విషయం చూశాక నాకు వద్దనిపిస్తోంది

ఘాట్‌రోడ్డు:
మాది పాడేరు పైన ఒక చిన్న ఊరు. 2017లో పోడు భూమి గట్టు దగ్గర రెండు కుటుంబాల మధ్య గొడవ జరిగితే అవతలి వాళ్లు కంప్లైంట్ ఇచ్చారు, మా చిన్నాన్న ఆ రోజు సంతలో ఉన్నా సరే 11 మంది పేర్లలో ఆయన పేరు కూడా రాయించారు. నాలుగేళ్లు వాయిదాలకి తిరిగాడు. 2021లో కేసు కొట్టేశారు, అందరూ నిర్దోషులేనని జడ్జి గారు చదివి వినిపించారు. అంతటితో అయిపోయిందనుకుని ఇంటికి వచ్చేశాం, కాగితం తీసుకోవాలని మాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు సంగతేంటంటే, పోయిన నెల ఒక కాంట్రాక్టు కంపెనీలో డ్రైవర్ పోస్టుకి పెట్టుకున్నాడు. వాళ్లు ఏదో చెక్ చేసి 2017 నాటి ఎఫ్ఐఆర్ ప్రింటు ముందు పెట్టి, "నీ మీద కేసు ఉందట కదా" అన్నారు. కొట్టేశారంటే కాగితం చూపించమన్నారు. మా దగ్గర ఏముంది? అప్పటి లాయర్ గారు చనిపోయారు. కేసు నంబరు ఎవరికీ గుర్తులేదు. చిన్నాన్న, నేను మూడుసార్లు ఘాట్ దిగి కోర్టుకి వెళ్లాం, ప్రతిసారీ ఒక రోజు కూలీ, ఇద్దరి బస్సు చార్జీలు. నంబరు లేకుండా ఏమీ చూడలేమన్నారు.

అందుకే అడుగుతున్నా. ఎఫ్ఐఆర్ మాత్రం మూడు రోజుల్లో లోకం మొత్తానికి కనిపించాలి, నిర్దోషి అన్న కాగితం మాత్రం కొండ కింద రికార్డు రూమ్‌లో కట్టలో ఉండాలా? నా ఉద్దేశంలో ఈ రికార్డులు సంబంధించిన వాళ్ల చేతికే ఇవ్వాలి, నెట్‌లో పెట్టకూడదు. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

విశాఖ_వకీలు:
తమ్ముడూ, ముందు చట్టం ఏం చెప్పిందో చూద్దాం. ఎఫ్ఐఆర్‌లు నెట్‌లో పెట్టమన్నది సుప్రీంకోర్టు, 2016 సెప్టెంబరులో యూత్ బార్ అసోసియేషన్ కేసులో. 24 గంటల్లో పెట్టాలి, కనెక్టివిటీ లేని చోట 48, ఎక్కువలో ఎక్కువ 72 గంటలు. ఆ 72 గంటల మాట మీలాంటి ప్రాంతాల కోసమే వచ్చింది. అత్యాచారం, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాలు), తీవ్రవాదం లాంటి సున్నితమైన కేసులు పెట్టకూడదు, అది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి నిర్ణయించాలి. ఆ తీర్పు వచ్చింది నిందితుడి మేలు కోసం, అది మర్చిపోవద్దు. తన మీద ఏం రాశారో తెలియకుండా జైల్లో కూర్చునే మనిషికి ఆ కాగితం దొరకాలని.

దర్యాప్తు అయ్యాక పోలీసులు కోర్టులో వేసే చార్జిషీటు సంగతి వేరు. దాన్ని కూడా నెట్‌లో పెట్టాలని వేసిన పిటిషన్‌ని 2023 జనవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది, అది పబ్లిక్ డాక్యుమెంటు కాదంది. అంటే గీత ఎక్కడ గీయాలన్న ఆలోచన కోర్టులకీ ఉంది.

ఇక మీ పని. కంపెనీ వాళ్లు చూపించిన ఎఫ్ఐఆర్ ప్రింటు మీద క్రైమ్ నంబరు (అదే ఎఫ్ఐఆర్ నంబరు), సంవత్సరం, స్టేషన్ పేరు ఉంటాయి. కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ సైటులో కేసు నంబరు లేకపోయినా ఎఫ్ఐఆర్ నంబరుతో వెతకొచ్చు. ఆ ప్రింటు ఫోటో తీసుకున్నారా?

ఘాట్‌రోడ్డు:
తీసుకోలేదు సార్. ఆ టెన్షన్‌లో తోచలేదు. చిన్నాన్న పేరుతో ఈకోర్ట్స్‌లో వెతికాను, రాలేదు. మా ఇంటిపేరు వంతల. ఇంగ్లీషులో ఒకచోట 'టీ' పెడతారు, ఇంకోచోట 'టీహెచ్' పెడతారు, ఆధార్‌లో ఇంకోలా ఉంది. పైగా మా మండలంలో కొర్రా, పాంగి, కిల్లో, వంతల ఈ నాలుగు ఇంటిపేర్లతో ఎంతమంది ఉంటారో, అందులో ఒకే పేరున్న వాళ్లు ఊరికి ఇద్దరు ముగ్గురు. రేపు ఇంకొకడి కేసు చూపించి మా వాడిదే అంటే ఏం చెయ్యాలి?

సీలేరు_చెల్లి:
అన్నా, మీ బాధ అర్థమైంది కానీ నెట్‌లో వద్దు అనే మాటకి నేను ఒప్పుకోను. మా తమ్ముడు 19 ఏళ్లకి పనికని వెళ్లి ఇంటికి రాలేదు. ఫోన్ స్విచ్ఛాఫ్. మేం సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి ఆరు రోజులు అందరికీ ఫోన్లు చేశాం. చివరికి మా ఊరి వలంటీర్‌గా పనిచేసిన అమ్మాయి పోలీస్ సైటులో తేదీలు పెట్టి, జిల్లాలు మార్చి మార్చి వెతికితే దొరికింది. గంజాయి మూట మోశాడని కేసు. ఎఫ్ఐఆర్‌లో పేరు, తండ్రి పేరు, ఊరు ఉంటే గుర్తుపట్టాం. అది నెట్‌లో లేకపోతే బతికున్నాడో లేదో కూడా మాకు తెలిసేది కాదు.

ఎఫ్ఐఆర్‌లో ఎన్ని కిలోలని రాశారో చూశాకే అది ఎంత పెద్ద కేసో అర్థమైంది. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, బెయిల్ చాలా కష్టమని లీగల్ ఎయిడ్ లాయరమ్మ చెప్పారు. ఆమె కూడా ఆ నంబరు చెప్తేనే మాట్లాడగలిగారు. మీ చిన్నాన్నది ఉద్యోగం, నేను తక్కువ చేయట్లేదు, కానీ మాది మనిషి. మీరు ఆ తలుపు మూసేయమంటున్నారు.

ఘాట్‌రోడ్డు:
చెల్లీ, నీ మాటకి జవాబు చెప్పడం కష్టంగా ఉంది. కానీ ఒకటి అడుగుతా. అరెస్టు చేసినప్పుడు ఇంట్లో వాళ్లకి చెప్పాలని చట్టంలోనే ఉంది కదా? ఆ పని సరిగా చేసి ఉంటే మీకు సైటు అవసరమే ఉండేది కాదు. వాళ్లు చెప్పకపోవడం వల్ల మీరు లోకమంతా చూసే చోట వెతుక్కోవాల్సి వచ్చింది.

సీలేరు_చెల్లి:
చెప్పాలి. చెప్పలేదు. చెప్పే రోజు వచ్చేదాకా మాకు ఆ సైటు కావాలి.

రిటైర్డ్_రైటర్:
నేను ఏజెన్సీ స్టేషన్లలో చాలా ఏళ్లు రైటర్‌గా, అంటే రికార్డులు రాసే పనిలో ఉన్నాను. అందరికీ ఉపయోగపడే మాట ఒకటి చెప్తాను. ఎఫ్ఐఆర్ నంబర్లు ప్రతి స్టేషన్‌లో జనవరిలో ఒకటి నుంచి మొదలవుతాయి. కొండ మీద స్టేషన్లలో ఏడాదికి వచ్చే కేసులు పట్నంలో లాగా వేలల్లో ఉండవు. గొడవ జరిగిన నెల తెలిస్తే చాలు, నంబరు పట్టుకోవడం అంత కష్టం కాదు. ఎఫ్ఐఆర్ ఒరిజినల్ మేజిస్ట్రేటు కోర్టుకి వెళ్తుంది, కంప్లైంట్ ఇచ్చినవాళ్లకి ఒక కాపీ ఉచితంగా ఇవ్వాలి. అంటే బాబూ, మీ అవతలి కుటుంబం దగ్గర ఆ కాగితం ఉండి ఉంటుంది. ఇప్పుడు మాటలు ఉంటే వెళ్లి అడగండి, మొహమాటపడొద్దు.

ఇంకో విషయం. క్రైమ్ నంబరు వేరు, కోర్టు నంబరు వేరు. చార్జిషీటు వేశాక మేజిస్ట్రేటు కోర్టులో సీసీ (క్యాలెండర్ కేసు) నంబరు పడుతుంది. పెద్ద సెక్షన్లయితే ముందు అక్కడే పీఆర్‌సీ నంబరు పడి, కేసు పై కోర్టుకి పంపాక (దాన్నే కమిట్ అంటారు) సెషన్స్ కోర్టులో ఎస్‌సీ (సెషన్స్ కేసు) నంబరు వస్తుంది. ఒకే కేసుకి మూడు నంబర్లు. ఊరి మనిషి క్రైమ్ నంబరు పట్టుకుని కోర్టు కౌంటర్‌కి వెళ్తే ఇది మా నంబరు కాదంటారు, సీసీ నంబరు పట్టుకుని స్టేషన్‌కి వెళ్తే వాళ్లూ అదే అంటారు. ఎవరూ అబద్ధం చెప్పరు, కానీ మనిషి మాత్రం రెండు చోట్లా తిరుగుతూనే ఉంటాడు. నా సర్వీసులో ఇది ఎన్నిసార్లు చూశానో.

నెట్‌లో పెట్టాలా అంటే, పెట్టాలి అంటాను. నేను చేరిన రోజుల్లో స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కాపీ కోసం పేదవాడు ఎంత బతిమాలాల్సి వచ్చేదో కళ్లారా చూశాను.

చింతూరు_కుర్రాడు:
మా సంగతి కూడా వినండి. 2014లో పోలవరం ముంపు పేరుతో మా మండలాల్ని తెలంగాణ నుంచి ఆంధ్రలో కలిపారు. మా నాన్న భూమి తగాదా క్రిమినల్ కేసు 2012ది. అప్పుడు మాది ఖమ్మం జిల్లా, కోర్టు భద్రాచలం. తర్వాత తూర్పుగోదావరి అన్నారు, 2022లో అల్లూరి జిల్లా అన్నారు. ఆ 2022లోనే తెలంగాణలో న్యాయ జిల్లాలు కూడా కొత్తగా చేశారు, అందుకని నేను ఖమ్మం కింద వెతికితే రాలేదు, భద్రాద్రి కొత్తగూడెం కింద వెతికితే కనిపించింది. మేం ఇల్లు కదల్లేదు, మా ఊరు ఆంధ్రకి వచ్చింది, మా కాగితం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. సైటు లేకపోతే ఏ ఊళ్లో ఏ కౌంటర్ దగ్గర నిలబడాలో కూడా తెలిసేది కాదు. నేనూ చెల్లి వైపే.

గిరిజన ప్రాంతాల్లో భూమి బదలాయింపు కేసులు, అవే 1/70 చట్టం కేసులు, ఇవేవీ ఈకోర్ట్స్‌లో ఉండవు. అవి గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర నడుస్తాయి. దాని కోసం నెట్‌లో వెతికి నెల పోగొట్టుకున్నా, మీరు ఆ పని చేయకండి.

పాత_దస్త్రం:
ఏజెన్సీ చరిత్ర మీద పని చేస్తుంటాను. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి స్టేషన్ మీద దాడి చేసింది, తర్వాతి రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. తీసుకెళ్లిన తుపాకుల లెక్క అల్లూరి స్టేషన్ డైరీలో రాసి సంతకం పెట్టేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఉద్యమంలో పట్టుబడ్డ మామూలు గిరిజనుల గురించి మనకి తెలిసింది చాలావరకు పోలీసు, కోర్టు కాగితాల వల్లే, వాళ్లు స్వయంగా రాసింది లేదు కాబట్టి. కాబట్టి మూసేయాలన్న మాటకి నేను వ్యతిరేకం. కనీసం పాతవి తెరవాలి.

ఘాట్‌రోడ్డు:
సార్, వందేళ్ల నాటివి తెరవండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పటి వాళ్లెవరూ రేపు డ్రైవర్ ఉద్యోగానికి వెళ్లరు కదా. నేను అడిగేది బతికున్న వాళ్ల గురించి.

విశాఖ_వకీలు:
ఈ చర్చలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి. సీలేరు చెల్లెమ్మ అడిగేది కేసు మొదట్లో కాగితం దొరకడం, తమ్ముడు అడిగేది కేసు అయిపోయాక ఆ కాగితం వెంటాడకపోవడం. రెండోదానికి మన దగ్గర సరైన చట్టం లేదు. 2017లో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కు అంది. 2024లో మద్రాసు హైకోర్టు, నిర్దోషిగా బయటపడ్డ ఒకాయన తీర్పుని ఒక వెబ్‌సైటు నుంచి తీసేయమంటే, సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. ఒక్క పిల్లల విషయంలోనే జువెనైల్ జస్టిస్ చట్టం స్పష్టంగా ఉంది, పేరు బయటపెట్టకూడదు, చాలావరకు కేసుల్లో రికార్డు కొనసాగకూడదు.

కాగితం తీసుకునే దారి: కాపీ అప్లికేషన్ పెట్టండి. కేసులో నిందితుడు కాబట్టి చిన్నాన్న పేరు మీదే పెట్టాలి, బయటివాళ్లు అడిగితే కారణం చూపిస్తూ అఫిడవిట్ వెయ్యాల్సి వస్తుంది. ఆర్టీఐ (సమాచార హక్కు) అర్జీ పెడదామని ఎవరైనా అంటే వినకండి, కోర్టు రికార్డు నకళ్లు కోర్టు రూల్స్ ప్రకారమే తీసుకోవాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పేసింది. పోలీసు స్టేషన్ సంగతికైతే ఆర్టీఐ పనికొస్తుంది, 30 రోజుల గడువు. ఇంకో మాట, ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా లీగల్ ఎయిడ్ ఉచితం, 1987 చట్టంలో ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా మండల న్యాయ సేవల కమిటీకి వెళ్లండి. మూడుసార్లు మీ అంతట మీరు ఘాట్ దిగాల్సిన అవసరం లేదు.

సైటులో జిల్లా ఎంచుకునేటప్పుడు అల్లూరి జిల్లా కోసం వెతకొద్దు, పాడేరు వైపు కేసులు విశాఖపట్నం కిందే చూడండి.

ఘాట్‌రోడ్డు:
(మూడు వారాల తర్వాత)
రైటర్ గారు చెప్పినట్టే అవతలి కుటుంబం ఇంటికి వెళ్లాం. ఇప్పుడు గొడవలేమీ లేవు, వాళ్ల అబ్బాయి నాతో చదువుకున్నవాడే. పెట్టెలోంచి ఎఫ్ఐఆర్ కాపీ తీసి ఇచ్చారు, చివర చెద పట్టింది కానీ నంబరు బాగానే ఉంది. విశాఖపట్నం కింద ఆ నంబరు కొడితే కేసు వచ్చింది. చిన్నాన్న పేరు ఏడో నిందితుడిగా ఉంది, ఇంటిపేరు మేం ఎవరం ఊహించని స్పెల్లింగ్‌తో. కింద డిస్పోజల్ (కేసు ముగిసిన) తేదీ, కేసు కొట్టేసినట్టు అన్నీ ఉన్నాయి. లీగల్ ఎయిడ్ వాళ్లతో అప్లికేషన్ పెట్టించాం, తొమ్మిదో రోజు నకలు చేతికి వచ్చింది. 14 పేజీలు, మొత్తం ఇంగ్లీషులో. హైస్కూల్ మాస్టారు కూర్చుని తెలుగులో చెప్తుంటే చిన్నాన్న చివరి పేజీ రెండోసారి చెప్పించుకున్నాడు.

డ్రైవర్ పోస్టు ఈలోగా వేరేవాళ్లకి ఇచ్చేశారు.

చెల్లీ, నువ్వు చెప్పింది ఒప్పుకుంటున్నా, అసలు సైటే లేకపోతే నాకూ నంబరు దొరికేది కాదు. నెట్‌లోంచి మొత్తం తీసేయమని ఇప్పుడు అనను. కానీ పోలీస్ సైటులో మా ఎఫ్ఐఆర్ ఇవాళ కూడా అలాగే ఉంది, 2021లో కొట్టేశారన్న ఒక్క లైను దాని పక్కన లేదు. ఎఫ్ఐఆర్ నంబరుతో కేసు వెతికే ఏర్పాటు ఉన్నప్పుడు, తీర్పు రాగానే ఆ ఎఫ్ఐఆర్ పేజీ మీద ఫలితం చూపించడానికి ఏం అడ్డం? దీనికి ఇంతమందిలో ఎవరూ జవాబు చెప్పలేదు.

సీలేరు_చెల్లి:
ఆ లైను ఉండాల్సిందే అన్నా. మా తమ్ముడి కేసు ఇంకా నడుస్తోంది. రేపు వాడికీ అది కావాలి.

విశాఖ_వకీలు:
ఎస్పీ గారికి అర్జీ పెట్టండి. 2016 తీర్పులో ఎస్పీ దగ్గరకి వెళ్లే దారి ఎఫ్ఐఆర్ కాపీ అడిగినా దొరకని వాళ్ల కోసం పెట్టింది, మీ విషయానికి అది నేరుగా వర్తించదు. అయినా అర్జీ రికార్డులో ఉంటుంది, రేపు హైకోర్టుకి వెళ్లాల్సి వస్తే ముందు అడిగామని చూపించడానికి పనికొస్తుంది. డ్రాఫ్ట్ పంపితే చూస్తాను, ఫీజు ఏమీ వద్దు.

ఘాట్‌రోడ్డు:
పంపుతా సార్. తెలుగులోనే రాస్తున్నా. తీర్పు నకలు రెండు జిరాక్సులు తీయించి పెట్టాను. 11 మందిలో తొమ్మిది మంది ఊళ్లోనే ఉన్నారు, అందరి సంతకాలూ తీసుకుని సోమవారం మొదటి బస్సుకి దిగుతాం.