సిమెనాన్ తల్లికి రాసిన ఉత్తరాన్ని ఫ్రెంచిలో చదివినవారు ఉన్నారా?

బెల్జియం రచయిత జార్జ్ సిమెనాన్ గురించి ఒక సాయం కావాలి. 1903లో లియేజ్ నగరంలో పుట్టాడు. పదహారేళ్లు నిండకముందే విలేకరి అయ్యాడు, 1922లో పారిస్ చేరాడు. 1931 నుంచి మెగ్రే అనే పోలీసు అధికారి నేరపరిశోధన నవలలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. ఇదంతా సులువుగానే దొరికింది.

నన్ను వదలనిది అతని తల్లి ఆన్రియెట్. కొడుకు ఫిబ్రవరి 13, శుక్రవారం పుట్టాడని, అశుభమని భయపడి 12గా రాయించిందట! అతను పంపిన డబ్బు ఖర్చు పెట్టకుండా దాచి, ఏళ్ల తర్వాత తిరిగి అతని చేతిలోనే పెట్టింది. 1970లో ఆమె చనిపోయే ముందు అతను ఆస్పత్రి మంచం పక్కన రోజుల తరబడి కూర్చున్నాడు. 1974లో ఆమెకు ఉత్తరంగా ఒక చిన్న పుస్తకం రాశాడు.

దాన్ని ఇంగ్లిషులో చదివి, నా కోసం తెలుగు చేసుకుంటున్నాను. మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. ఫ్రెంచిలో అతను తల్లిని ‘నువ్వు’ అంటాడా, ‘మీరు’ అంటాడా? ఇంగ్లిషులో ఆ తేడా కనిపించదు. ఆ గొంతులో ఉన్నది చనువా, దూరమా? కూతురు మరణించాక 1981లో రాసిన పెద్ద ఆత్మకథ కూడా ముందే చదవాలా? మూలం చదివినవారు దయచేసి చెప్పండి.