‘చక్రిన్ గిక్రిన్’: ఆ గిక్రి తిట్టా, ‘ఇంకొకడా’?

పెరటిజామ:
పోతన భాగవతంలో హిరణ్యకశిపుడు కొడుకు ప్రహ్లాదుణ్ణి నిలదీసే కంద పద్యం ఒకటి కొన్నాళ్ళుగా నోట్లో నానుతోంది. ‘డింభక’ అని మొదలవుతుంది, మధ్యలో కొంత జారిపోయింది, చివర మాత్రం ‘కంబంబున జూపగలవె చక్రిన్ గిక్రిన్’. ఆ గిక్రి వెక్కిరింత అని మా అమ్మాయికి చెప్పాను. ‘కాఫీ గీఫీ తాగుతారా అంటే వెక్కిరింత కాదు కదమ్మా’ అంది. దాని మాటా నిజమే. ఇక్కడ ఏ అర్థం తీసుకోవాలండీ?

తాటాకు:
కంబం కాదండీ, స్తంభం. పద్యం ఇది:

డింభక! సర్వస్థలముల
నంభోరుహనేత్రు డుండు ననుచు మిగుల సం
రంభంబున బలికెద వీ
స్తంభంబున జూపగలవె చక్రిన్ గిక్రిన్

నాలుగు పాదాల్లోనూ ప్రాస ‘ంభ’. కంబం అంటే ప్రాస చెడుతుంది.

ద్రుతం:
ప్రాస ఒక్కటే చాలదు తాటాకు గారూ. పోతన ‘కంభము’ అని ఒత్తు భకారంతో కూడా వాడాడు. కాస్త తర్వాత వచ్చే మత్తేభం చివర ‘హరిజనుస్సంరంభమున్ గంభమున్’ అని ఉంది కదా. ‘కంభంబున’ అన్నా ప్రాస నిలుస్తుంది. పట్టిచ్చేది యతి, అంటే పాదం మొదటి అక్షరానికి లోపలి అక్షరంతో కుదరాల్సిన పొత్తు. నాలుగో పాదంలో నాలుగో గణం ‘చక్రిన్’. చకారానికి కకారం కుదరదు, ‘స్తం’లోని సకారం కుదురుతుంది. స్తంభమే ఉండాలి.

తాటాకు:
బాగుంది. అయితే ఆ లెక్కనే ఇంకొక అడుగు వెయ్యండి. యతికి చక్రి కావాలి. ఆ తర్వాత మిగిలింది ఒక్క గణం, నాలుగు మాత్రలు, చివర గురువు. అక్కడ యతీ లేదు ప్రాసా లేదు. ‘గిక్రిన్’ పాదపూరణ, అంటే ఖాళీ నింపే మాట అని నేను ఎప్పటినుంచో అనుకుంటున్నాను. పూరించిన తీరు అందంగా ఉంది, అది వేరే మాట.

నల్లబల్ల:
నాలుగు మాత్రల కోసం పోతన తడుముకున్నాడంటే నేను ఒప్పను నాయనా. ‘విష్ణున్’ నాలుగు మాత్రలే, ‘శౌరిన్’ నాలుగు మాత్రలే. పేర్లకి కరువా ఆయనకి? పద్యాన్ని విడదీసి చూడకండి, ముందు పద్యం కలిపి చదవండి. ‘ఇందుగలడందు లేడని సందేహము వలదు, చక్రి సర్వోపగతుండు’ అన్నాడు కొడుకు. ఆ చక్రినే తండ్రి అందుకున్నాడు. రెండో పాదంలో ‘అంభోరుహనేత్రు డుండు ననుచు’ అని కొడుకు మాటల్ని ఒప్పజెప్పినట్టు గంభీరంగా చెప్పి, చివరికొచ్చేసరికి చక్రి గిక్రి చేశాడు. మూడు లోకాలూ గెలిచినవాడు ఒక్క పాదంలో మన ఇళ్ళలో కోపం వచ్చిన నాన్న అయిపోయాడు. ఆ దిగడం అంతా ఆ ‘గి’లో ఉంది. దాన్ని పూరణ అనడానికి నాకు నోరు రాదు.

గోదారిగట్టు:
నాదొక అనుమానం. ద్రుతం (చివరి నకారం) మీద పరుషం సరళమవుతుంది కదా, కకారం గకారమైనట్టు. ‘చక్రిన్’ ద్రుతాంతం. అసలు మాట ‘కిక్రి’ అయి, సంధిలో ‘గిక్రి’ అయిందేమో? అప్పుడు దానికి వేరే అర్థం ఏదైనా ఉండాలి.

ద్రుతం:
సూత్రం సరే కానీ ఇక్కడ పనికిరాదు. తెలుగులో ఈ జంట మాట పుట్టుకతోనే సరళం. పులీ గిలీ, పెళ్ళీ గిళ్ళీ, పుస్తకం గిస్తకం. వెనక ద్రుతం లేకపోయినా గకారమే వస్తుంది. మొదటి అచ్చు హ్రస్వమైతే గి, దీర్ఘమైతే గీ: పాము గీము, కాఫీ గీఫీ. చక్రిలో చ హ్రస్వం, అందుకని గిక్రి. సంస్కృత పదానికి, అదీ ద్వితీయా విభక్తితో సహా, ఇంటి వ్యాకరణం ఇంత నిక్కచ్చిగా పట్టించాడే అని నాకు ఆశ్చర్యం.

పెరటిజామ:
పుట్టుక తెలిసిందండీ. అర్థం? ‘పెళ్ళీ లేదు గిళ్ళీ లేదు’ అంటే తీసిపారెయ్యడం. ‘కాఫీ గీఫీ’ అంటే కాఫీయో అలాంటిదింకేదో. రెండూ ఉన్నాయి కదా.

గోదారిగట్టు:
నేను రెండోదాని వైపు. ‘చూపగలవె’ అని అడుగుతున్నాడు. ‘లేడు గీడు’ అనలేదు. ఆ చక్రి ఎవడో, ఏ ఆకారంలో ఉంటాడో తనకి పట్టింపు లేదు. చక్రినో, అలాంటి ఇంకొకణ్ణో, ఎవణ్ణో ఒకణ్ణి చూపించమంటున్నాడు. తీరా స్తంభంలోంచి వచ్చింది చక్రం పట్టిన విష్ణువు కాదు. మనిషీ కాదు, సింహమూ కాదు. ‘గిక్రి’ అన్నందుకు గిక్రే వచ్చాడు!

నల్లబల్ల:
ఇది బాగా పట్టావమ్మా. కానీ ప్రశ్న కంటే ముందు పద్యంలోనే నరసింహం సిద్ధంగా ఉంది. ‘హరి సర్వాకృతులం గలండనుచు’ పద్యం చూడు. కొడుకు ఉన్నాడంటుంటే, తండ్రి ‘ఎందును లేడు లేడ’ని బెదిరిస్తుంటే, స్వామి ‘శ్రీనరసింహాకృతి నుండె’నట, కదిలేవాటిలో కదలనివాటిలో అన్నిటిలోనూ. ఒక్క స్తంభంలో కాదు, తండ్రి ఎక్కడ చెయ్యి వేసినా వచ్చేలాగా! గిక్రి అన్నందుకు ఆ రూపం వచ్చిందంటే వరస తప్పుతుంది.

నల్లమల:
మాది అహోబిలం దగ్గర ఊరు. కొండమీద ఉగ్రస్తంభం చూపించి, స్వామి ఇక్కడే పుట్టాడంటారు. అది చూసిన ప్రతిసారీ నాకొచ్చే ప్రశ్న: వాడు గదతో కొట్టాడా చేత్తోనా? సినిమాలు చూసి అందరూ గదే అంటారు.

తాటాకు:
సంస్కృత భాగవతంలో ‘స్వముష్టినా’, పిడికిలితో. పోతన ‘అరచేత వ్రేసెను’ అన్నాడు. రెండింటిలోనూ గద లేదు. పిడికిలిని అరచెయ్యిగా ఎందుకు మార్చాడో ఎవరైనా చెప్పాలి. నా లెక్కలో పిడికిలి శత్రువు మీద వేసేది, అరచెయ్యి ‘ఇందులో ఉన్నాడా?’ అని తట్టి చూపించేది.

ద్రుతం:
మూలం మాట వచ్చింది కాబట్టి: అక్కడ తండ్రి ‘నేను కాక వేరే జగదీశ్వరుడు ఉన్నాడంటున్నావే, అంతటా ఉంటే స్తంభంలో ఎందుకు కనపడడు?’ అని తర్కం తీస్తాడు. ప్రహ్లాదుడు బదులు చెప్పకముందే కత్తి పట్టుకుని లేచి స్తంభాన్ని గుద్దుతాడు. కొడుకు ‘కలడంబోధి’, ‘ఇందుగలడు’ అనడం, తండ్రి గిక్రి అనడం, ఈ మాటకి మాట అంతా మన కవి పెంచుకున్నదే.

గోదారిగట్టు:
‘కలడంబోధి’ అన్నారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. అంబోధి (సముద్రం), గాలి, ఆకాశం, కుంభిని (భూమి), అగ్ని, ఖద్యోత, చంద్ర, ఆత్మ. లెక్కపెట్టండి, శివుడి అష్టమూర్తులు! చివర ‘కలడీశుండు’. వీరభద్ర విజయం కూడా రాసిన పోతన చెయ్యి విష్ణుభక్తుడి నోట శివుణ్ణి పలికించింది.

తాటాకు:
ఖద్యోతం అమరకోశంలో మిణుగురు పురుగు. అప్పుడు ఏడే మూర్తులు.

గోదారిగట్టు:
ఆకాశంలో వెలిగేది కాబట్టి సూర్యుడూ ఖద్యోతుడే. పక్కన చంద్రుణ్ణి పెట్టుకుని మిణుగురు అంటారా మాస్టారూ? ఆ పద్యంలోనే ‘త్రిలింగవ్యక్తులం’ అని కూడా ఉంది. కాళేశ్వరం, శ్రీశైలం, దాక్షారామం గుర్తు రావడం లేదూ?

ద్రుతం:
అది స్త్రీ, పురుష, నపుంసక లింగాలు. త్రిలింగ దేశాన్ని ప్రహ్లాదుడి నోట్లో పెట్టకండి. ఇంకాసేపు వదిలితే పోతనది బమ్మెరా ఒంటిమిట్టా అన్న తగువు దగ్గరికి వెళ్తాం.

నల్లబల్ల:
గిక్రికి రండి. కొడుకు జవాబులో ఒక మాట ఎవరూ ఎత్తలేదు. ‘అంభోజాసను డాదిగాగ దృణపర్యంతంబు విశ్వాత్ముడై సంభావంబున నుండు ప్రోడ విపులస్తంభంబునం దుండడే?’ అంత పొడుగు సమాసాల మధ్య ‘ప్రోడ’ (నేర్పరి) అని అచ్చ తెలుగు మాట. తండ్రి దేవుణ్ణి ఇంటి తెలుగులో కించపరిచాడు, కొడుకు ఇంటి తెలుగులోనే ముద్దు చేశాడు. గిక్రి తిట్టు కాకపోతే ప్రోడకి అంత చలవ రాదు. నా తీర్పు ఇదే: తిరస్కారం.

తాటాకు:
ప్రోడ విషయంలో మీతో ఉన్నాను. కానీ అది గిక్రికి నేరు జవాబు కాదండీ. మధ్యలో ఇంకో కందం ఉంది, తండ్రిదే: ‘స్తంభమున జూపవేనిం గుంభిని నీ శిరము ద్రుంచి కూల్పగ రక్షారంభమున వచ్చి హరి’ అడ్డుపడగలడా అని. అక్కడ చక్రీ లేదు గిక్రీ లేదు, ఉత్త ‘హరి’. వెక్కిరింత పద్యం దాటేలోపే పోయింది.

గోదారిగట్టు:
అదే నేననేదీ. తిరస్కారం అయితే తల నరుకుతానని బెదిరించేటప్పుడు ఇంకా పెరగాలి, తగ్గదు. ‘చక్రినో ఎవణ్ణో’ అన్నవాడు రెండో పద్యానికి పేరు పెట్టి పిలిచాడు.

ద్రుతం:
యతి కూడా అడగని చోట. ‘రంభమున వచ్చి హరి వి’ మూడో పాదం, అక్కడ ఏ పేరు పెట్టినా అడిగేవాడు లేడు.

నల్లబల్ల:
పెట్టింది ప్రహ్లాదుడు పలికే పేరే కదా! హరి అనొద్దనే కదా ఇంత గొడవ. రాత్రి ఆ నాలుగు పద్యాలూ వరసగా పైకి చదివి మళ్ళీ రాస్తాను. గిక్రి దగ్గర గొంతు ఎలా పోతుందో మీరూ చదివి చూడండి.